ముప్ఫై ఎనిమిది కాపీలు, ఒక్క బిల్లు

సోమవారం పదిన్నరకి బస్సు డ్రైవరు తానో రెండు ఖాళీ ఆపిల్ పెట్టెలు మోసుకుంటూ పుస్తకాల షాపులోకి వచ్చాడు. బయట ముసురు. టోపీ మీది నీళ్ళు కొత్త పుస్తకాల బల్ల మీద పడకుండా ఒళ్ళు పక్కకి వంచి నడిచి, పెట్టెలు కౌంటరు ముందు దించి, జేబులోంచి రబ్బరు బ్యాండు చుట్టిన నోట్ల కట్ట తీశాడు.

"ముప్ఫై ఎనిమిది ఇవ్వండి దోన్య ఇర్మా. మా ఎలీసియోది."

అందరూ గౌరవంగా దోన్య అని పిలిచే ఇర్మా తొలోసా కళ్ళజోడు తల మీదికి నెట్టింది. ఆ షాపులో ఆమెకిది ఇరవై ఆరో ఏడు. యజమాని శనివారాలు మాత్రమే వస్తాడు కాబట్టి మిగతా రోజులు షాపంటే ఆమే. ఇన్నేళ్ళలో ఒక్కసారిగా ముప్ఫై ఎనిమిది పుస్తకాలు అడిగినవాళ్ళు బడి పిల్లల వాచకాలకి వచ్చిన పంతుళ్ళే తప్ప మరొకరు లేరు.

"అన్నీ మీరే చదువుతారా?"

"నేనొక్కణ్ణే అయితే ఒక్కటి చాలు కదా. డిపోలో ఆవు వేశాం."

డిపోలో ఎవరి పెళ్ళయినా, ఎవరి కాలు విరిగినా డ్రైవర్లు తలా ఇంత వేస్తారు. దానికి వాళ్ళు పెట్టుకున్న పేరు ఆవు. డబ్బు ఎవరి చేతికొస్తే అతను వస్తువు కొని, బిల్లు తెచ్చి, నోటీసు బోర్డుకి అందరికీ కనబడేట్టు గుచ్చాలి. ఒకే బిల్లు ఉండాలి. రెండయితే మధ్యలో ఏం జరిగిందని అడిగేవాడు ఒకడు తప్పక ఉంటాడు. ఈ రూలు ఎవరు పెట్టారో ఎవరికీ గుర్తులేదు కానీ దాన్ని తప్పినవాడు మాత్రం ఆ డిపోలో ఒక్కడూ లేడు.

ఎలీసియో బర్రాగాన్ ఆ డిపోలోనే ముప్ఫై మూడేళ్ళు నూట తొంభై తొమ్మిదో నంబరు బస్సు నడిపాడు. రిటైరయ్యాక చేతులు ఊరుకోక, తన బస్సెక్కిన మనుషుల గురించి రాయడం మొదలెట్టాడు. 'వెనక తలుపు దగ్గర నిలబడ్డవాళ్ళు' అని పేరు పెట్టాడు. బోయెదో పేటలో చిన్న ప్రెస్సు నడిపే అన్నదమ్ములు ఆరువందల కాపీలు వేశారు. బ్యూనస్ ఎయిర్స్‌లో వేరే ఏ షాపూ దాన్ని తీసుకోలేదు. ఇర్మా ఒక మధ్యాహ్నం అన్నం మానేసి చదివి, అరవై కాపీలు తెప్పించింది. వీధివైపు బల్ల పెద్ద ప్రచురణ కంపెనీలకి అద్దెకిచ్చింది. అందుకని ఎలీసియో పుస్తకాన్ని వెనక, బాత్రూము తలుపు పక్కన అరలో పెట్టాల్సి వచ్చింది. "పేరుకి తగ్గ చోటే దొరికింది," అని ఎలీసియో తనే నవ్వాడు.

ఇర్మా పుస్తకాలు పెట్టెల్లో పేర్చింది. వెన్నులు ఒకసారి ఇటు, ఒకసారి అటు వచ్చేట్టు పెడితే అట్టలు వంగవు. పైన పాత వార్తాపత్రిక కప్పింది. బిల్లు పుస్తకంలో కార్బన్ కాగితం సర్ది, 'ముప్ఫై ఎనిమిది' అని అక్షరాల్లో కూడా రాసింది.

"ముద్ర గట్టిగా కొట్టండి. మా వాళ్ళు దూరంనుంచే చూస్తారు," అన్నాడు తానో.

ఆమె గట్టిగా కొట్టింది. అతను పెట్టెలెత్తుకుని వెళ్తుంటే పరుగున వెళ్ళి తలుపు తీసి పట్టుకుంది. ఆమెకి ఆ రోజు నిజంగా సంతోషంగా ఉంది.

సంతోషానికి కారణముంది. ప్రతి మంగళవారం పొద్దున ఆదివారం పత్రికవాళ్ళు నగరంలో పన్నెండు షాపులకి ఫోను చేసి, ఆ వారం ఏ పుస్తకం ఎన్ని అమ్ముడుపోయిందో అడుగుతారు. ఆ పన్నెండింట్లో ఇర్మాది ఒకటి. ఆ అంకెలన్నీ కలిపి ఆదివారం నాడు పది పుస్తకాల లిస్టు వేస్తారు. పంతొమ్మిదేళ్ళుగా ఇర్మా ఆ ఫోనులో ఒక్క అంకె అటూ ఇటూ చెప్పలేదు. పక్కవీధి షాపతను తనకి అమ్ముడుపోకుండా మిగిలినవాటి పేర్లే చదువుతాడని అందరికీ తెలుసు. ఇర్మాకి అదంటే అసహ్యం.

పన్నెండు కాకముందే ఊదారంగు కోటు వేసుకున్న ఒకావిడ వచ్చి, వీధివైపు బల్ల మీంచి 'పొద్దున్నే గెలవడం' మూడు కాపీలు తీసింది. అది అడ్రియన్ మొస్కాటో పుస్తకం. టీవీలో పొద్దున ఏడింటికి పళ్ళన్నీ కనబడేట్టు నవ్వుతాడే, అతనిది. ఆవిడ అట్ట వెనక చూడలేదు, లోపల చూడలేదు.

"మూడూ బహుమతులకా?"

"ఆఁ. మూడిటికీ మార్పిడి చీటీ పెట్టండి."

చీటీలు అంటిస్తుండగా ఆవిడ గ్లవ్ కింద నలిగిన కాగితం ఇర్మా కంటబడింది. షాపుల పేర్లు వరసగా ఉన్నాయి. మూడింటికి టిక్కు ఉంది. నాలుగోది తమదే. వారంలో ఇలా వచ్చినవాళ్ళలో ఈవిడ ఆరో మనిషి. అందరూ మూడేసే కొన్నారు, అందరూ చీటీలు అడిగారు. ఆవిడ వెళ్ళాక గుమ్మం పక్కన ఆగి పెన్సిలు తీయడం అద్దంలోంచి కనిపించింది.

సాయంత్రం బీటో వచ్చాడు. డిస్ట్రిబ్యూటరు మనిషి. షాపులకి పుస్తకాలు తేవడం, అమ్ముడుపోనివి తిరిగి పట్టుకుపోవడం అతని పని. వచ్చీరాగానే ఇర్మా తాగుతున్న మాతే టీ గ్లాసు లాక్కుని రెండు గుక్కలు పీల్చాడు.

"చల్లారిపోయింది ఇర్మీతా. నీ మనసులాగే."

"నీళ్ళు నువ్వే కాచుకో. ఏం తెచ్చావు?"

"తేవడానికి కాదు, చెప్పడానికొచ్చాను. బోయెదో అన్నదమ్ములు ప్రెస్సు మూసేశారు. ఆ బస్సాయన కాపీలు అయిదువందల చిల్లర మా గోదాములో ఉన్నాయి. చోటు కావాలంటున్నారు. ఈ ఆదివారం లిస్టులో కనబడిందా, మా వాళ్ళే మళ్ళీ అచ్చేసి అన్ని షాపులకీ పంపుతారు. మాట తీసుకున్నాను. కనబడలేదా, సోమవారం నీ దగ్గర మిగిలినవి కూడా కలిపి కాగితం మిల్లుకి."

"ఆయనకిచ్చెయ్యొచ్చు కదా."

"పది ఇస్తారు. మిగతావి ఎక్కడ పెట్టుకుంటాడు? ఉండేది ఒక్క గది."

ఇర్మా తన నోటుబుక్కు తెరిచి గీతలు చూపించింది. విడిగా ఎనిమిది. పొద్దున్నవి ముప్ఫై ఎనిమిది. మొత్తం నలభై ఆరు. మొస్కాటోది పంతొమ్మిది. బీటో ఈల వేసి, "అయితే నీ దగ్గర మొదటిది ఇదేగా. రేపు ఫోనులో గట్టిగా చెప్పు," అన్నాడు.

*

మంగళవారం పది కాగానే ఫోను మోగింది. పత్రికనుంచి సిల్వినా. రెండేళ్ళుగా ఆమే చేస్తోంది. ముఖం ఎప్పుడూ చూడకపోయినా, ఆమెకి తరచూ జలుబు చేస్తుందని ఇర్మాకి తెలుసు.

"మొదలెడదామా దోన్య ఇర్మా? ఫ్యాక్స్ కాగితం ముందుందా?"

కాగితం మీద పాతిక పేర్లు ముందే అచ్చేసి ఉంటాయి. కంపెనీలు పంపిన పేర్లు. షాపువాళ్ళు పక్కన అంకె చెప్పాలి. కాగితంలో లేని పుస్తకాలకి అడుగున మూడు ఖాళీ గీతలు ఉంటాయి. ఇర్మా పాతికా చదివింది. మొస్కాటో పేరు రాగానే "పంతొమ్మిది" అంది.

"ఎన్ని బిల్లులు?"

"ఏడు."

"సరే. ఖాళీ గీతల్లో ఏమైనా?"

"ఉంది. రాసుకో." పేరు విడివిడిగా చెప్పింది. "నలభై ఆరు."

అవతల పెన్ను ఆగింది. "నలభై ఆరా? ఎన్ని బిల్లుల మీద?"

ఇర్మా ముందు బిల్లు పుస్తకం తెరిచే ఉంది. కార్బన్ కాపీ మీద తన నీలం అక్షరాలు కనబడుతున్నాయి. నలభై ఆరు అంటే సరిపోతుంది. ఒక్క మాట. పంతొమ్మిదేళ్ళలో ఎవరూ వచ్చి బిల్లులు చూసింది లేదు, ఇకముందు చూడబోయేదీ లేదు. ఆమె ఫోను తీగని వేలికి చుట్టుకుంది, విప్పింది.

"తొమ్మిది," అంది. "విడిగా ఎనిమిది. ఒక బిల్లు మీద ముప్ఫై ఎనిమిది."

"అయ్యో," అంది సిల్వినా. "ఒకే బిల్లు మీద అయిదు దాటితే ఒక్కటిగానే రాసుకోమన్నారు మా వాళ్ళు. పోయినేడు ఎవడో తన పుస్తకం తనే నాలుగువందలు కొనుక్కున్నాడు. అప్పట్నుంచీ ఈ రూలు."

"ఇది కొనుక్కున్నది కాదమ్మాయ్. ముప్ఫై ఎనిమిదిమంది డ్రైవర్లు. తలా ఒకటి. ఇవాళ ముప్ఫై ఎనిమిది ఇళ్ళల్లో ఉంది ఆ పుస్తకం."

"నేను నమ్ముతాను."

"నమ్మితే రాయి."

"నమ్మకాలకి గడి లేదు కదా దోన్య ఇర్మా. పైగా మీ దగ్గర తప్ప ఏ షాపులోనూ లేదది. ఒక్కచోటే అంత అమ్మితే మా ఎడిటరు మొత్తం కొట్టేస్తాడు."

"ఒక్కచోటే దొరుకుతుంది కాబట్టి ఒక్కచోటే అమ్ముడుపోయింది."

"నిజమే."

"నిజమేనంటున్నావుగా మరి."

సిల్వినా ముక్కు చీదుకుంది. ఇర్మా గొంతు పెంచలేదు. "మరి మొస్కాటోది? మూడేసి కొనే ఆ ఆడవాళ్ళు చదవరు. షాపు తరవాత షాపు తిరుగుతున్నారు. చేతిలో షాపుల చీటీ నేను నా కళ్ళతో చూశాను."

"మూడు అయిదు లోపే కదండీ. ఇప్పటికి ఫోను చేసిన తొమ్మిది షాపుల్లోనూ అది ఇరవైకి అటూ ఇటూ ఉంది. అన్నిచోట్లా సమానంగా ఉంటే అది నిజమైన అమ్మకమని మా వాళ్ళ లెక్క. మీరు చీటీ చూశారని నేను ఏ గడిలో రాయను?"

ఆ పిల్ల వెక్కిరించడం లేదు. నిజంగానే అడుగుతోంది. ఫోను పెట్టేశాక ఇర్మా బిల్లు పుస్తకంలో ఆ కార్బన్ కాపీ తిప్పి, దాని మీద చెయ్యి ఆనించి కూర్చుండిపోయింది. ముద్ర గట్టిగా కొట్టిన చోట కాగితం అవతలి పక్కకి ఉబ్బి వేళ్ళకి తగిలింది.

*

తరవాతి సోమవారం షట్టరు ఎత్తడానికి వచ్చేసరికి ఎలీసియో గుమ్మంలో నిలబడి ఉన్నాడు. తెల్లగా గీసిన గడ్డం, చంకలో మడత పెట్టిన ఆదివారం పత్రిక. అలవాటు పోని మనిషి, షట్టరు లేస్తుంటే వెనక్కి తిరిగి రోడ్డు రెండు పక్కలా చూశాడు.

"అక్షరాలు మరీ చిన్నవిగా వేస్తున్నారు దోన్య ఇర్మా. నాకు ఆనలేదేమో. మీ కళ్ళజోడుతో ఒక్కసారి చూస్తారా?"

ఇర్మా ముందురోజే చూసింది, మూడుసార్లు. అయినా పత్రిక తీసుకుని కౌంటరు మీద పరిచి, వేలు పెట్టి పదో పేరు నుంచి మొదటిదాకా వెళ్ళింది. మొదటిది 'పొద్దున్నే గెలవడం'. పక్కన 'మొదటి వారం' అని ఉంది.

"లేదు దోన్ ఎలీసియో."

"తానో ఒక్కడే ముప్ఫై ఎనిమిది కొన్నాడే."

ఆమె చెప్పింది. బిల్లు గురించి, అయిదు దాటకూడదన్న రూలు గురించి, ఏదీ దాచకుండా చెప్పింది. చెబుతున్నప్పుడు ఆయన ముఖం చూడలేక పత్రిక మడతలు సరిచేస్తూ ఉంది. ఎలీసియో తల ఊపుతూ విన్నాడు, ఎవరో ప్రయాణికుడు దిగాల్సిన స్టాపు దాటిపోయిందని చెబుతుంటే విన్నట్టు.

"ఆ బిల్లు ఇంకా బోర్డు మీదే ఉంది. నాలుగు పిన్నులు గుచ్చాడు తానో." టోపీ తీసి అడిగాడు. "ఎన్ని బిల్లులని వాళ్ళే అడిగారా, మీరే చెప్పారా?"

"వాళ్ళే అడిగారు. నేను చెప్పాను."

"వేరే మాట చెప్పుంటే?"

"ఎవరికీ తెలిసేది కాదు."

ఎలీసియో టోపీ చేతిలో తిప్పాడు. కోపం తెచ్చుకుంటాడేమోనని ఆమె ఎదురుచూసింది. నిజానికి తెచ్చుకుంటే బాగుండుననే అనుకుంది. ఆయన "మీరు అలా చెప్పలేరులెండి," అని మాత్రం అన్నాడు. అది మెప్పో నిష్ఠూరమో ఆయనకే తెలిసినట్టు లేదు. ఇర్మాకి ఏడుపొచ్చింది. బిగబట్టుకుంది.

తొమ్మిదిన్నరకి బీటో వ్యాను వచ్చింది. అతను ఈసారి మాతే అడగలేదు. బాత్రూము పక్క అరలోంచి పద్నాలుగు కాపీలూ తీసి అట్టపెట్టెలో వేసుకున్నాడు.

"రెండు రోజులు ఆగకూడదూ బీటో?"

"రెండు రోజులకి లిస్టు మారుతుందా? నాకు మాత్రం సరదానా ఇది?"

పెట్టె ఒక పక్క ఎలీసియో పట్టుకున్నాడు. వద్దన్నా వినలేదు. ఇద్దరూ కలిసి వ్యాను వెనక పెట్టారు. ముందు ఒక లారీ అడ్డంగా ఆగి ఉంది, వెనక వరసగా కార్లు. వ్యాను వెనక్కి పోవడానికి లేదు. ఎలీసియో రోడ్డు మధ్యకి వెళ్ళి నిలబడ్డాడు. ఒక చేత్తో వచ్చే కార్లని ఆపి, రెండో చేతి వేళ్ళు ఆడిస్తూ, "రా, రా, ఇంకా రా. ఎడమకి కొయ్. చాలు. ఇప్పుడు తిప్పు," అన్నాడు. వ్యాను ఒక్క గీత పడకుండా బయటపడింది. బీటో అద్దంలోంచి చెయ్యి ఊపాడు. ఎలీసియో కూడా ఊపి, షాపులోకి రాకుండా అటే డిపో వైపు నడిచిపోయాడు.

ఆ తరవాత జనం మొదలయ్యారు. బ్యాంకు గుమాస్తా వచ్చి "మొదటి నంబరు పుస్తకం ఇవ్వండి," అన్నాడు. పేరు కూడా తెలీదతనికి. మందులషాపావిడ కోడలికి కావాలంది. గడ్డం కుర్రవాడొకడు పత్రిక చింపిన ముక్క చూపించాడు. అందరూ మామూలు మనుషులే. పుస్తకం తిప్పి చూశారు, రెండు వాక్యాలు చదువుకున్నారు, నచ్చింది. ఇర్మా ఒక్కొక్కరికీ బిల్లు రాసింది, కాగితంలో చుట్టి ఇచ్చింది. వాళ్ళ మీద కోపం తెచ్చుకోవాలని చూసింది, రాలేదు. బల్ల మీద మొస్కాటో దొంతర తరిగిపోతుంటే వెనకగదిలోంచి తెచ్చి మళ్ళీ తనే పేర్చింది. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి.

మూడింటికి ఊదారంగు కోటు ఆవిడ వచ్చింది. సంచిలోంచి మూడు 'పొద్దున్నే గెలవడం' తీసి కౌంటరు మీద పెట్టింది. చుట్టిన కాగితం కూడా విప్పలేదు.

"మార్చుకోవచ్చు కదా? చీటీలున్నాయి. కొనమని పంపినవాళ్ళు పుస్తకాలు మీరే ఉంచుకోండన్నారు. ఒకే పుస్తకం మూడు, ఏం చేసుకోను?" అని ఇర్మా ముఖం చూసి తగ్గింది. "వారం రోజుల పనండీ అది. దొరికింది, చేశాను. నా పేరు మాబెల్. ఇక్కడే, ఈ బస్సు లైను చివర ఉంటాను."

"దేనికి మార్చమంటారు?"

"బస్సులో ఒక డ్రైవరు ఎర్రలైటు పడ్డప్పుడల్లా ఒక పుస్తకం తీసి చదువుతున్నాడు. ఏంటయ్యా అంటే ఎవరో పాత డ్రైవరు రాశాడన్నాడు. ఒక దర్జీ ఆవిడ గురించి గట్టిగా చదివి వినిపించాడు. కాలరుకి సూదులు గుచ్చుకుని, నిలబడే నిద్రపోయేదట, దిగాల్సిన చోట తనంతట తనే మెలకువొచ్చేదట." మాబెల్ గ్లవ్ తీసి, మళ్ళీ తొడుక్కుంది. "మా అమ్మ అలాగే ఉండేది. సూదులు తియ్యకుండానే మమ్మల్ని ఎత్తుకునేది. ఆ పుస్తకం కావాలండీ."

అరవై నాలుగో పేజీ. ఇర్మాకి గుర్తుంది. బాత్రూము పక్క అర వైపు చూసింది. అక్కడ దుమ్ములో నలుచదరంగా ఒక శుభ్రమైన చోటు ఉంది, అంతే.

"పొద్దున తీసుకుపోయారు. ఇక రావు."

"ఇంకెక్కడైనా దొరుకుతుందా?"

"దొరకదు."

ఇర్మా కౌంటరు కింద సొరుగు లాగి తన కాపీ తీసింది. మొదటి పేజీలో ఎలీసియో పెద్ద పెద్ద అక్షరాలతో రాసిచ్చాడు: 'దోన్య ఇర్మాకి, ముందు తలుపు తెరిచినందుకు.' ఆ పేజీ కోసేద్దామని కత్తెర అందుకుంది. ఒక్క క్షణం చూసి కత్తెర పక్కన పెట్టి, పుస్తకం అలాగే ఇచ్చేసింది. ఒక చీటీ తీసుకుంది. మిగతా రెండిటికీ మాబెల్ పదకేళీల పుస్తకాలు పట్టుకెళ్ళింది.

మార్పిడి అమ్మకం కాదు. ఇర్మా నోటుబుక్కులో ఏ గీతా గీయలేదు. తిరిగొచ్చిన మూడు కాపీలూ తుడిచి బల్ల మీద పెట్టింది. షట్టరు దించేలోపు అవి కూడా పోయాయి, ముగ్గురు వేరు వేరు మనుషులకి.

*

మంగళవారం పదింటికి ఫోను మోగింది.

"జలుబు తగ్గిందా?" అంది ఇర్మా.

"కాస్త తగ్గింది. చదవండి దోన్య ఇర్మా."

ఇర్మా చదివింది. కాగితంలో ఇప్పుడు మొస్కాటో పేరు అన్నిటికంటే పైన అచ్చయి ఉంది. దాన్ని ఆఖర్న చదువుదామనుకుంది, కానీ వరస తప్పడం చేతకాలేదు.

"'పొద్దున్నే గెలవడం' ముప్ఫై ఒకటి."

"ఎన్ని బిల్లులు?"

నోటుబుక్కులో గీతలు మళ్ళీ ఎంచింది. తప్పు ఉంటే బాగుండునని ఎంచింది. తప్పు లేదు.

"ముప్ఫై ఒకటి."

"మనిషికొకటి," అంది సిల్వినా రాసుకుంటూ. "చూశారా, ఈ వారం ఎవరూ ఏ మాటా అనడానికి లేదు. అడుగున ఖాళీ గీతల్లో ఏమైనా ఉందా?"

ఇర్మా వెనక అర వైపు చూసింది. పక్క పుస్తకాలు అప్పటికే ఒరిగి ఆ ఖాళీలోకి వాలాయి.

"లేదమ్మాయ్," అంది. "ఏమీ లేదు."